ముద్దాయి ప్రక్కన నిలిచిన బారిస్టరు - టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితము

మన గ్రంథాలయ చందాదారులలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు విననివారు ఉండరు. తుపాకికి ఎదురుగా రొమ్ము చూపిన ఆంధ్రకేసరి ఆయనయే యని బడికిపోవు బాలుడు సైతము చెప్పగలడు. ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యనియు, విజయవాడకడ కృష్ణానదిపై నున్న ఆనకట్ట ఆయన పేరుతోనే వెలసినదనియు పెద్దలు జ్ఞాపకము చేయుదురు. అయితే ఆ రొమ్ము విప్పిన దినమునకు ఆయన వయస్సు ఏబదియైదు సంవత్సరములు. అంతకు పూర్వము దాదాపు పాతికేండ్లు ఆయన కాలము న్యాయస్థానములలో గడచినది. ఆయన కీర్తిలో మరుగుపడిన ఆ భాగమును మన పాఠకులకు తెలియజేయుటయే ఈ వ్యాసోద్దేశము.

నేరము మోపబడిన మనిషికి తరచుగా మిత్రులు ఉండరు. నిన్నటివరకు పలుకరించిన ఇరుగుపొరుగువారు నేడు తలుపు మూసికొందురు. మన బొగ్గుబాయి ప్రాంతమునందును ఇది తెలియని విషయము కాదు. బాయి దిగి వచ్చిన కార్మికుని ఏదో తగవు విషయమై ఠాణాకు పిలిచినచో, ఆ రాత్రి ఆ ఇంట పొయ్యి వెలుగదు. అతడు తప్పు చేసెనో లేదో తేలకమునుపే వాడకట్టు తీర్పు చెప్పివేయును. అట్టి సమయమున అతని ప్రక్కన నిలిచి, నిజము తేలువరకు ఇతనిని దోషి యనరాదని ధైర్యముగా చెప్పువాడే ముద్దాయి పక్షపు న్యాయవాది. మన తెలంగాణములో వకీలని పిలుచు ఈ వృత్తికి కొందరు గౌరవము నిత్తురు, కొందరు అపవాదు వేయుదురు. ప్రకాశంగారి జీవితమును చదివినచో ఆ వృత్తిలోని ధర్మమేమో, దానికి చెల్లింపవలసిన మూల్యమేమో తెలిసికొనవచ్చును.

ప్రకాశంగారు 1872 వ సంవత్సరము ఆగస్టు 23 వ తేదీన ఒంగోలు సమీపమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. కుటుంబము కరణాలది. ఒక చిత్రమైన సంగతి ఇక్కడ చెప్పవలసియున్నది. మన దేశమున సాక్ష్యమును ఎట్లు తూచవలెనో నిర్ణయించిన భారత సాక్ష్య చట్టము కూడ ఆ 1872 వ సంవత్సరముననే పుట్టినది. పోలీసు అధికారి ఎదుట ముద్దాయి ఒప్పుకొన్న మాటలను అతనికి విరుద్ధముగా రుజువు చేయరాదని ఆ చట్టములో వ్రాయబడినది. ఆ చట్టముతోపాటు పెరిగిన బాలుడు పెద్దవాడై, ముద్దాయిల కొరకు దానినే ఆయుధముగా పట్టెను.

బాల్యము కష్టములతో నిండినది. ప్రకాశంగారు పదునొకండేండ్ల ప్రాయమున ఉండగా తండ్రి మరణించెను. పిల్లలను పోషించు భారము సుబ్బమ్మగారి తలపై పడినది. ఆమె ఒంగోలు చేరి, పూటకూళ్ళ ఇల్లు నడపి, పరులకు వండిపెట్టి తన బిడ్డలకు అన్నము పెట్టినది. ఆ కాలమున గౌరవ కుటుంబములవారు పూటకూళ్ళ వృత్తిని చిన్నచూపు చూచెడివారు. ఆమె దానిని లెక్కచేయలేదు. పరీక్ష రుసుము చెల్లించుటకు మూడు రూపాయలు కావలసిరాగా, బాలుడు బంధువులను ఆశ్రయించి తిరిగి తిరిగి వట్టిచేతులతో ఇల్లు చేరెను. అప్పుడు తల్లి తన పట్టుచీరను కుదువబెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చియిచ్చినది. తరువాతి కాలమున వేలకొలది రూపాయలు సంపాదించిన బారిస్టరు చదువునకు పునాది ఆ కుదువబెట్టిన పట్టుచీరయే.

తల్లి తరువాత ఆయనకు దారి చూపినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు. బాలుని చురుకుదనమును కనిపెట్టి, అతనిని చేరదీసి, తాము ఒంగోలు విడిచి రాజమహేంద్రవరము పోవునపుడు వెంట తీసికొనిపోయిరి. మన మంచిర్యాల ప్రక్కగా పారు గోదావరియే దిగువకు పోయి రాజమహేంద్రవరమును ఒరసికొని పారుచున్నది. ఆ తీరమున ప్రకాశంగారు చదువుకొనిరి. నాటకములయందు కూడ ప్రీతి మెండు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గయోపాఖ్యానములో అర్జున వేషము కట్టి మెప్పు పొందిరి. వేదికపై నిలుచుట, గొంతు విప్పుట, ఎదుటివాని మాటకు తడబడక బదులు పలుకుట ఆయనకు అక్కడనే అలవడినవని చెప్పినచో తప్పు లేదు.

ఆ వయస్సున ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థి మాత్రమే కాదు. ఆకతాయి స్నేహములు, వీధి తగవులు ఆయనకు కొత్తవి కావు. తమ స్వీయచరిత్రయైన నా జీవితయాత్రలో ఈ సంగతులను ఆయన దాచలేదు. చెడు తిరుగుళ్ళలో పడిపోవలసిన బాలుడు ఒక తల్లి ఓర్పువలనను, ఒక గురువు దయవలనను గట్టెక్కెను. అట్టి ఆసరా దొరకనివారు ఎక్కడ తేలుదురో ఆయన కన్నులారా చూచిరి. నేరస్థుడనబడు మనిషిని మరియొక జాతివానిగా చూడక, తనవంటివానిగా చూచు దృష్టి పుస్తకములవలన వచ్చునది కాదు. ఆ దృష్టి ఆయనకు ఒంగోలు వీధులలోనే లభించినది.

పిమ్మట మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, రెండవ తరగతి ప్లీడరు పట్టా పొందిరి. మొదట ఒంగోలులోను, తరువాత రాజమహేంద్రవరములోను వృత్తి సాగించిరి. ఆ దినములలో న్యాయవాదులలో అంతస్తులుండెను. అందరికంటె పైన బారిస్టరులు. వారికి దిగువ హైకోర్టు వకీళ్ళు. వారికిని దిగువ మొదటి తరగతి, రెండవ తరగతి ప్లీడర్లు. రెండవ తరగతి ప్లీడరు క్రింది కోర్టులలో మాత్రమే వాదించవలెను. పై కోర్టు గడప అతనికి అందదు. ఐనను బీదవాని కష్టము మొదట చేరునది క్రింది కోర్టుకే. భూమి గట్టు తగవులు, కాలువ నీటి తగవులు, గ్రామకక్షలు ముదిరి దెబ్బలాటలై మేజిస్ట్రేటు ఎదుటికి వచ్చుచుండెను. సివిలు దావాలతోపాటు అట్టి క్రిమినలు కేసులను నడపుచు ప్రకాశంగారు రాజమహేంద్రవరములో పేరు గడించిరి.

క్రిమినలు కేసులో ముద్దాయి పక్షపు ప్లీడరు చేయు పని ఏమో మన పాఠకులలో అందరికి తెలియకపోవచ్చును. నేరము జరిగెనని రుజువు చేయు భారము ప్రభుత్వ పక్షముపై నుండును. తాను నిర్దోషినని ముద్దాయి రుజువు చేసికొననక్కరలేదు. కావున అతని ప్లీడరు సాక్షులను అడ్డసవాళ్ళు వేసి, వారు చూచినదెంత, విన్నదెంత, ఊహించినదెంత యని విడదీయవలెను. సాక్షి పోలీసువారికి మొదట చెప్పినదానికిని, కోర్టులో చెప్పినదానికిని తేడా ఉన్నచో దానిని పట్టుకొనవలెను. చీకటిలో మనిషిని ఎట్లు గుర్తించెను, పాత పగ ఏమైన కలదా, ఫిర్యాదు ఆలస్యమగుటకు కారణమేమి యని తరచి తరచి అడుగవలెను. ఇది నేరమును దాచు పని కాదు. అబద్ధపు సాక్ష్యము నిజమైన సాక్ష్యముతో కలిసి చెల్లిపోకుండ జల్లెడ పట్టు పని. ఆ జల్లెడ లేనిచో బలవంతుడు చెప్పినదే నిజమగును.

వృత్తితోపాటు ప్రజాసేవయు ఆరంభమైనది. రాజమహేంద్రవర పురపాలక సంఘమున సభ్యులై, అటుపిమ్మట అధ్యక్ష పదవిని పొందిరి. పూటకూళ్ళ ఇంటి కుఱ్ఱవాడు పట్టణమునకు పెద్ద యయ్యెను. ఐనను రెండవ తరగతి ప్లీడరను హద్దు ఆయనను బాధించుచుండెను. ఒకప్పుడు కేసు పనిమీద మద్రాసు పోయినపుడు, ఆయన వాదనాశక్తిని చూచిన ఒక బారిస్టరు, సీమకు పోయి బారిస్టరు పరీక్ష నిచ్చుట మంచిదని ప్రోత్సహించెను. ఆ మాట మనసున నాటుకొన్నది. సముద్రయానము చేసినచో కులభ్రష్టుడగునని భయపడు కాలమది. మాంసము ముట్టననియు, పొగ పీల్చననియు తల్లికి మాట యిచ్చి, 1904 లో ఇంగ్లండునకు పయనమైరి.

లండనులో న్యాయశాస్త్రము చదువుటతో ఆయన ఊరకుండలేదు. భారతీయుల సంఘములలో పాల్గొనిరి. దాదాభాయి నౌరోజీగారు పార్లమెంటు సభ్యత్వమునకు పోటీ చేసినపుడు వారికొరకు పనిచేసిరి. పరీక్షలో ప్రశంసాపత్రము సహితముగా ఉత్తీర్ణులై, 1907 లో స్వదేశమునకు మరలివచ్చి, మద్రాసు హైకోర్టులో బారిస్టరుగా చేరిరి. అప్పుడు ఆ హైకోర్టులో పేరుపొందిన న్యాయవాదులలో అధికులు ఐరోపావారు, లేదా తమిళులు. ఆ నడుమ ఒక తెలుగువాడు నిలదొక్కుకొనుట సులభము కాదు. ప్రకాశంగారు నిలదొక్కుకొనుటయే గాక అగ్రశ్రేణికి చేరిరి. సివిలు, క్రిమినలు వ్యవహారములు రెండును చేపట్టిరి. లా టైమ్సను న్యాయ పత్రికను నడపిరి. తెలుగు జిల్లాలనుండి అప్పీళ్ళు ఆయన ఇంటికి వరదవలె వచ్చెను.

ఆ 1907 వ సంవత్సరముననే ఆయన స్వభావమును వెల్లడించు సంఘటన యొకటి జరిగినది. వంగదేశ నాయకులు బిపినచంద్రపాలుగారు మద్రాసునకు వచ్చి ఉపన్యసింపవలసియుండెను. స్వదేశోద్యమము తీవ్రముగా నున్న కాలమది. ప్రభుత్వ ఆగ్రహమునకు జడిసి, ఆ సభకు అధ్యక్షత వహించుటకు పెద్దలు వెనుదీసిరి. కొత్తగా వృత్తిలో చేరిన ప్రకాశంగారు ముందుకు వచ్చి అధ్యక్షపీఠమున కూర్చుండిరి. కొత్త బారిస్టరునకు కక్షిదారులు ఎంత అవసరమో, అధికారుల అనుగ్రహమును అంతయే అవసరమని ఆనాటి లోకము తలచుచుండెను. ఆయన ఆ లెక్క వేయలేదు.

ఇక ఆయన నడపిన క్రిమినలు కేసులలో ముఖ్యమైన దానిని చెప్పవలెను. అది తిరునల్వేలి కలెక్టరు ఆషుదొర హత్యకు సంబంధించిన కేసు. 1911 వ సంవత్సరము జూను 17 వ తేదీన మణియాచ్చి రైల్వే జంక్షనులో, మొదటి తరగతి పెట్టెలో కూర్చున్న ఆషును వాంచి అయ్యరను యువకుడు తుపాకితో కాల్చి చంపి, ఆ వెంటనే తన్ను తాను కాల్చుకొని మరణించెను. కాల్చినవాడు చచ్చిపోయెను. అప్పుడు ప్రభుత్వము ఆ హత్య వెనుక కుట్ర ఉన్నదని ఆరోపించి, నీలకంఠ బ్రహ్మచారి మొదలుగాగల పదునలుగురిని పట్టి మద్రాసు హైకోర్టు ప్రత్యేక ధర్మాసనము ఎదుట నిలిపెను. ప్రధాన న్యాయమూర్తి సర్ ఆర్నాల్డు వైటు, జస్టిసు ఐలింగు, జస్టిసు శంకరన్ నాయరు ఆ ధర్మాసనమున కూర్చుండిరి.

నాటి పరిస్థితిని పాఠకులు ఊహించుకొనవలెను. చనిపోయినవాడు జిల్లా కలెక్టరు. పాలకులు ఆగ్రహముతో నున్నారు. ఆ కేసులో ముద్దాయి పక్షమున నిలుచు న్యాయవాదిని కూడ రాజద్రోహిగా చూచు ప్రమాదము గలదు. అట్టి స్థితిలో ముద్దాయిల తరపున వాదించిన న్యాయవాదులలో ప్రకాశంగారొకరు. కేసులో ప్రభుత్వమునకు ఆధారమైనవాటిలో అప్రూవర్ల సాక్ష్యము ముఖ్యమైనది. అప్రూవరనగా, నేరములో తానును పాలుపంచుకొని, క్షమాపణ పొంది, తోడివారిపై సాక్ష్యము చెప్పువాడు. తన ప్రాణమును కాపాడుకొనుటకు అతడు ఇతరుల మెడకు ఉరి తగిలింపవచ్చును. అందుచేతనే అతని మాటకు వేరొక స్వతంత్ర సాక్ష్యము తోడు లేనిదే దానిని నమ్మరాదని న్యాయస్థానములు పాటించు నియమము. ఇట్టి కేసులలో ముద్దాయి పక్షమున జరుగు పోరాటమెల్ల ఈ నియమము చుట్టును తిరుగును.

1912 వ సంవత్సరము ఫిబ్రవరిలో తీర్పు వచ్చెను. పదునలుగురిలో తొమ్మిదిమందికి శిక్షపడెను. నీలకంఠ బ్రహ్మచారికి ఏడేండ్ల కఠిన శిక్ష విధింపబడెను. మిగిలినవారు విడుదలైరి. ఎవరికిని ఉరిశిక్ష పడలేదు. ప్రకాశంగారు ఎవరి తరపున నిలిచిరో ఆ ముద్దాయి స్వల్ప శిక్షతో బయటపడెను. కలెక్టరు హత్య కుట్ర కేసులో, పరప్రభుత్వము నడచు కాలమున, ఇది అల్పమైన ఫలితము కాదు. హత్యను ఆయన మెచ్చుకొనలేదు. మెచ్చుకొనుట వేరు, ముద్దాయికి న్యాయమైన విచారణ జరుగవలెనని పట్టుబట్టుట వేరు. ఈ రెంటికి గల తేడాను గ్రహించినవాడే నిజమైన న్యాయవాది. గ్రహించిన సమాజమే నాగరిక సమాజము.

తరువాతి పదేండ్లలో ఆయన ఆదాయము పెరిగినది. ఇండ్లు, భూములు, నీలగిరిలో ఆస్తి సమకూరెను. మూడు రూపాయలకై ఊళ్ళు తిరిగిన బాలుడు మద్రాసులో ధనవంతుల వరుసలో చేరెను. ఇక్కడనే కథ మలుపు తిరిగినది. గాంధిజీ సహాయ నిరాకరణోద్యమమును ఆరంభించి, న్యాయవాదులు బ్రిటిషు కోర్టులను విడువవలసినదిగా పిలుపునిచ్చిరి. 1921 లో ప్రకాశంగారు సత్యాగ్రహ ప్రతిజ్ఞ చేసి, ఉచ్చదశలో నున్న వృత్తిని విడిచిరి. ఆ సంవత్సరమే స్వరాజ్య పత్రికను స్థాపించిరి. అది ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో వెలువడెను. అహమ్మదాబాదు కాంగ్రెసులో ప్రధాన కార్యదర్శిగా ఎన్నికైరి.

స్వరాజ్య పత్రిక ఆయన సంపాదననంతటిని మ్రింగివేసినది. లాభనష్టముల చింత లేక ఆయన పత్రికకు ధనము పోసిరి. ఆ విషయమున ఆయనకు వ్యవహారజ్ఞానము చాలదని మిత్రులే విచారించిరి. కోర్టులో ఎదుటివాని లెక్కలలో తప్పు పట్టగలిగిన మనిషి తన ఇంటి లెక్కలను చూచుకొనలేదు. మలబారులో మాప్పిళ్ళ తిరుగుబాటు జరిగిన కాలమున, ఎవరును అక్కడికి పోరాదని ప్రభుత్వము నిషేధించినను, నిజము తెలిసికొనుటకు పోయిరి. అందుకు ఫలితముగా ఊటీలోని ఆయన ఆస్తిని ప్రభుత్వము జప్తు చేసినది. వృత్తి విడిచినను, స్వయముగా చూచి విచారింపనిదే ఏ మాటను నమ్మని న్యాయవాది బుద్ధి ఆయనను విడువలేదు.

1928 వ సంవత్సరము ఫిబ్రవరి 3 వ తేదీన సైమను కమిషను బొంబాయిలో దిగినది. ఒక్క భారతీయునికైనను చోటులేని ఆ కమిషనునకు నిరసనగా దేశమంతట హర్తాళ్ళు జరిగెను. మద్రాసులో హైకోర్టు సమీపమున పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు కూలెను. ఆ శవమును చూడబోయిన ప్రకాశంగారిని పోలీసులు తుపాకులు గురిపెట్టి అడ్డగించిరి. ఆయన రొమ్ము విప్పి, కాల్చుకొనుడని నిలిచిరి. పోలీసులు దారి విడిచిరి. నాటినుండి ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి యని పిలిచిరి. ఈ స్థలమును గుర్తుంచుకొనవలెను. ఏ హైకోర్టులో ఆయన ముద్దాయిల పక్షమున మాటలతో నిలిచిరో, ఆ హైకోర్టు చెంతనే ప్రాణమొడ్డి నిలిచిరి. ఉప్పు సత్యాగ్రహములోను, వ్యక్తి సత్యాగ్రహములోను, 1942 ఉద్యమములోను ఆయనయే బందీ యయ్యెను. ఇతరులను చెరనుండి తప్పించిన మనిషి తన వంతుగా చెరసాల అన్నము తినెను.

మహనీయుల చరిత్ర వ్రాయునపుడు పొగడ్తలు మాత్రమే కూర్చినచో చదువరికి మేలు కలుగదు. ప్రకాశంగారు 1946 ఏప్రిలులో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రి యైరి. ముఖ్యమంత్రి పదవిని అప్పుడు ఆ పేరుతోనే పిలుచుచుండిరి. మరుసటి యేడు జనవరిలో ఆయన ప్రభుత్వము ప్రజాశాంతి పరిరక్షణ ఆర్డినెన్సును జారీ చేసెను. దాని క్రింద విచారణ లేకయే మనుష్యులను నిర్బంధించు అధికారము ప్రభుత్వమునకు లభించెను. కమ్యూనిస్టులు, కార్మిక కర్షక కార్యకర్తలు అనేకులు నిర్బంధింపబడిరి. ప్రజలు దానికి ప్రకాశం ఆర్డినెన్సను పేరే పెట్టిరి. సమ్మెలు, అలజడులు పెరిగినవనియు, శాంతిని కాపాడుట తమ బాధ్యత యనియు ప్రభుత్వము సమర్థించుకొన్నది. కాని ఒక ప్రశ్న మిగులును. అప్రూవరు మాటకు తోడు సాక్ష్యము కావలెనని ధర్మాసనము ఎదుట పోరాడిన పక్షమున నిలిచిన బారిస్టరు, సాక్ష్యమే అక్కరలేని నిర్బంధమునకు ఎట్లు ఒప్పుకొనెను?

దీనికి సులభమైన సమాధానము లేదు. కుర్చీలో కూర్చున్నవానికి కనబడు లోకము వేరు, బోనులో నిలుచున్నవానికి కనబడు లోకము వేరు. ముద్దాయి ప్రక్కన ఇన్నేండ్లు నిలిచిన మనిషికే అధికారము చేతికి వచ్చినపుడు ఆ చూపు మసకబారినచో, తక్కినవారి మాట చెప్పనక్కరలేదు. అందుచేతనే ముద్దాయి రక్షణను పాలకుని మంచితనముపై విడువరాదు. దానిని చట్టములో వ్రాసియుంచవలెను. ఆయన జీవితములోని వెలుగు ఎంత పాఠము చెప్పుచున్నదో, ఈ నీడయు అంత పాఠము చెప్పుచున్నది. 1947 మార్చిలో సొంత పక్షమువారే ఆయనపై అవిశ్వాసము చూపగా పదవి విడిచిరి.

తెలంగాణ ప్రజలు మరువరాని సంగతి మరియొకటి. 1948 లో నిజాము రాజ్యమున రజాకార్ల అలజడి రేగిన దినములలో, ప్రాణాపాయమున్నదని పెద్దలు హెచ్చరించినను, ఆయన హైదరాబాదునకు వచ్చి, రజాకార్ల నాయకుడైన కాసిం రజ్వీని స్వయముగా కలిసికొనిరి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదేండ్లు దాటినది.

1953 అక్టోబరు 1 వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా ఆయన ప్రథమ ముఖ్యమంత్రి యైరి. ఆయన కాలముననే, 1954 జూలైలో, గుంటూరున ఆంధ్ర హైకోర్టు నెలకొన్నది. రెండవ తరగతి ప్లీడరుగా పై కోర్టు గడప తొక్కలేక బాధపడిన మనిషి ముఖ్యమంత్రిగా నుండగా తెలుగు జిల్లాలకు తమదైన హైకోర్టు వచ్చుట విశేషము. ఆ యేటి నవంబరులో మద్యనిషేధ విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వము పడిపోయెను. 1957 మే 20 వ తేదీన హైదరాబాదులో, ఎనుబది నాలుగేండ్ల వయస్సున, ప్రకాశంగారు దేహము చాలించిరి. ఒకప్పుడు వేలు గడించిన ఆయనకు చివరి దినములలో సొంత ఆస్తి యనదగినది మిగులలేదు. 1970 లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972 లో ఆయన శతజయంతి సందర్భమున ప్రకాశం జిల్లా యని పేరు పెట్టిరి.

ప్రకాశంగారు వృత్తి సాగించిన కాలమున, ధనములేని ముద్దాయికి ప్లీడరు దయయే దిక్కు. నేడు పరిస్థితి మారినది. అరెస్టయిన ప్రతి మనిషికి తనకిష్టమైన న్యాయవాదిని సంప్రదించు హక్కును, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుటికి తీసికొనిపోబడు హక్కును రాజ్యాంగము 22 వ అధికరణమున ప్రసాదించినది. నిరోధక నిర్బంధమును మాత్రము అదే అధికరణము మినహాయించినది. 1947 నాటి ఆ ప్రశ్న నేటికిని పూర్తిగా తీరలేదనుటకు ఇదియే సాక్ష్యము. బీదవారికి ఉచిత న్యాయసహాయము అందవలెనని 1976 లో 39ఎ అధికరణము చేర్చబడినది. 1987 లో న్యాయసేవల చట్టము వచ్చినది. దాని ప్రకారము జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొన్న అర్హులకు రుసుము లేకయే న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, నిర్బంధములో నున్నవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ దీనికి అర్హులు. ఆయనతోపాటు 1872 లో పుట్టిన సాక్ష్య చట్టము 2024 జూలై 1 వరకు నడచి, కొత్త సాక్ష్య చట్టమునకు చోటిచ్చినది. పోలీసు ఎదుట ఒప్పుకోలు చెల్లదను నియమము మాత్రము అందులోను నిలిచియున్నది.

హక్కు పుస్తకములో ఉండిన చాలదు. అది ఉన్నదని తెలిసినవారు ఊరిలో నలుగురైనను ఉండవలెను. మొదటి బదిలీ దిగి వచ్చి, స్నానము చేసి, మన గ్రంథాలయపు బల్లముందు కూర్చుండు కార్మికుడు ఒక పుట చదివి మరియొకరికి చెప్పినచో, ఏదో ఒకనాడు ఠాణా మెట్లముందు దిక్కుతోచక నిలిచిన ఒక తల్లికి ఆ మాట దారి చూపును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న పని అదియే. ప్రకాశంగారి చదువునకు ఒక తల్లి పట్టుచీర పునాది యైనది. మన పిల్లల చదువునకు ఈ పుస్తకముల బీరువా పునాది యగుగాక. నేరము మోపబడినవానిని చూచినపుడు వెంటనే తలుపు మూయక, నిజము తేలనిమ్మని చెప్పు ధైర్యము మనలో ప్రతియొక్కరికి కలుగుగాక.